గడ్డి ఊరికే వస్తుందా? అపోహలు - వాస్తవాలు

మండపేట చుట్టుపక్కల మిల్లులకు, ఇటుక బట్టీలకు ఊకతో, వరిగడ్డితో బ్రికెట్లు (ఇంధనంగా కాల్చే గట్టి దిమ్మలు) చేసి ఇవ్వడం నా పని. రైతులూ, కొత్తగా యూనిట్ పెడదామనుకునే కుర్రాళ్లూ నన్ను అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: గడ్డి ఊరికే దొరుకుతుంది, కాబట్టి దాంతో చేసే ఇంధనం కూడా చవకే.

"దాళ్వా (రబీ) కోతలు అయిపోయాయండి, గడ్డి తగలబెట్టేస్తున్నాం, కావాలంటే పట్టుకెళ్లండి" అని ఫోన్లు వస్తాయి. కానీ కోత మిషన్ వదిలేసిన గడ్డిని బేలర్‌తో కట్టలు కట్టించాలి, చేలోంచి రోడ్డు దాకా మోయించాలి, ట్రాక్టరు కిరాయి ఇవ్వాలి, షెడ్డు వెయ్యాలి. విడి గడ్డి చోటు తింటుంది, తూకానికి రాదు. చేలో ఉచితంగా ఉన్న గడ్డి మా గేటు దాటేసరికి ఖరీదైన సరుకు.

అన్నిటికన్నా పెద్ద లెక్క తేమది. బ్రికెట్ గట్టిగా దిగాలంటే తేమ 12 శాతం లోపు ఉండాలి. నిల్వ పెట్టడానికైనా 20 దాటకూడదు. సార్వా (ఖరీఫ్) కోతలేమో నవంబరు, డిసెంబరుల్లో, తుపాన్ల సమయంలో. ఒక ఏడాది పైన బాగా ఎండినట్టు కనిపించిన సార్వా కట్టలు కొన్నాను. పది రోజుల తర్వాత కట్టలోకి చెయ్యి పెడితే చురుక్కుమంది. లోపల మిగిలిన తేమకు గడ్డి కుళ్లి వేడెక్కింది, అంతా బూజు, ఆవిరి. ఆ రాత్రి తెల్లవార్లూ కట్టలు విప్పి ఆరబోశాం. ఆలస్యమైతే షెడ్డు అంటుకునేది. అప్పటినుంచి ఏప్రిల్, మే నెలల దాళ్వా గడ్డే కొంటున్నాను.

అపోహ: ఊక కాలే బాయిలర్‌లో గడ్డి కూడా కాలుతుంది.

కాలడం కాలుతుంది. కానీ గడ్డిలో పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. వాటివల్ల బూడిద వేడికి కరిగి, గొట్టాలకు పట్టి రాయిలా బిగుసుకుంటుంది, గొట్టాలనూ తినేస్తుంది. ఊకలో బూడిద ఐదోవంతు దాకా ఉన్నా అందులో చాలావరకు సిలికానే, అంత తేలిగ్గా కరగదు. అందుకే గడ్డిని కొద్దికొద్దిగా ఊకలో కలిపి వాడమంటాను. ఒక వాన తగిలి, మళ్లీ గలగలా ఎండిన గడ్డి బాయిలర్‌కు ఇంకా మంచిది. పొటాషియం, క్లోరిన్ వానకు చాలావరకు కడుక్కుపోతాయి.

అపోహ: గోబర్ గ్యాస్ తీస్తే పేడలో సారం పోతుంది.

పోదు. మండే మీథేన్‌లో ఉండేది కార్బన్, హైడ్రోజన్. నత్రజని, భాస్వరం, పొటాషియం గ్యాస్ తీశాక మిగిలే స్లర్రీలోనే ఉంటాయి. సుమారు 25 కిలోల పేడకు ఒక ఘనపు మీటరు గ్యాస్ వస్తుంది. ఒట్టి గడ్డితో మాత్రం గ్యాస్ సరిగ్గా తయారవదు, దానిలో నత్రజని చాలదు. ముక్కలు కొట్టి పేడతో కలపాలి.

అపోహ: ఇథనాల్ అంటే తిండిగింజలు కాల్చెయ్యడమే.

పెట్రోలులో కలిపే ఈ ఇథనాల్‌ను నూకలతో చేసేదీ ఉంది. కానీ 2022లో ఇండియన్ ఆయిల్ పానిపట్‌లో ప్రారంభించిన ప్లాంటుకు ముడిసరుకు వరిగడ్డే, సామర్థ్యం రోజుకు లక్ష లీటర్లు.

అపోహ: గడ్డి తగలబెడితే చేనుకు బలం.

నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. టన్ను గడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటాయి. అంటే ఏటా గడ్డంతా నాకు అమ్మేసినా చేనుకు నష్టమే. నాకు బేరం తగ్గినా రైతులకు ఈ మాట చెబుతాను: ముందు గొడ్లకు సరిపడా వామి వేసుకోండి, కొంత మడిలోనే కలిపి దమ్ము చెయ్యండి, మిగిలింది నాకు తోలండి.