హెర్నియా ఆపరేషన్ తర్వాత కాలు కింద పెట్టొచ్చా? అపోహలు - వాస్తవాలు

పోయిన మిర్చి సీజన్‌లో ఒకాయన చెకప్‌కి వచ్చారు. గుంటూరు యార్డులో బస్తాలు మోసే మనిషి. కుడి గజ్జలో హెర్నియాకి నేనే ఆపరేషన్ చేశాను, అప్పటికి 10 రోజులైంది. ఆటోలోంచి ఇద్దరు కొడుకులు చెరో పక్క పట్టుకుని దించారు. ఒక చెయ్యి గజ్జ మీద అదిమిపెట్టుకుని, నడుం వంచి, అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి వచ్చారు. ఏమైందోనని కంగారుపడి బల్ల మీద పడుకోబెట్టి చూశాను. గాయం చక్కగా మానింది. చీము లేదు, ఎరుపు లేదు. "ఇంట్లో ఎంత దూరం నడుస్తున్నారు?" అని అడిగితే ఆయన భార్య అందుకుంది: "కాలు కింద పెట్టనివ్వలేదు సార్. అన్నీ మంచం మీదే."

పది రోజులుగా బ్రెడ్డు, పాలు, చారన్నం. ఒంటి మీద నీళ్లు పడలేదు. మోషన్ అయ్యి 4 రోజులు.

తప్పు వాళ్లది కాదు. డిశ్చార్జి రోజు నేను "జాగ్రత్తగా ఉండండి, బరువులు ఎత్తకండి" అని రెండు ముక్కలు చెప్పి పంపించాను. ఆ "జాగ్రత్త"ని వాళ్లు వాళ్లకి తెలిసినట్టు అర్థం చేసుకున్నారు. ఇప్పుడు ఆ మాట వాడటం మానేశాను. ఏది చెయ్యొచ్చో, ఏది కూడదో విడివిడిగా చెప్తున్నాను. ఇక్కడ రాస్తున్నదీ అదే. హెర్నియా అంటే కండలో పడిన ఖాళీలోంచి లోపలిది బయటికి ఉబకడం. ఇందులో ఎక్కువ భాగం గజ్జల్లో వచ్చే హెర్నియా గురించి. మన పెద్దవాళ్లు గిలక అనేది దీన్నే. పొట్ట మీది హెర్నియాకి లెక్క కొంచెం వేరు, అది వచ్చినచోట చెప్తాను.

అపోహ: నడిస్తే లోపల వేసిన జాలీ (వలలాంటి మెష్) జారిపోతుంది, కుట్లు తెగిపోతాయి.

వాస్తవం: నడవకపోతేనే నష్టం. ఆపరేషన్ రోజు సాయంత్రమే, మత్తు పూర్తిగా దిగి కాళ్లలో పట్టు వచ్చాక, మా సిస్టర్లు లేపి నడిపిస్తారు. కదలకుండా పడుకుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టొచ్చు, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది, పేగులు మందగిస్తాయి.

ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. 1887లో ఇటలీలో బస్సీనీ అనే సర్జన్ గజ్జ హెర్నియాకి మంచి పద్ధతి చెప్పారు. తర్వాత దాదాపు వందేళ్లు అందరూ ఆ దారిలోనే నడిచారు. అందులో అటు కండనీ ఇటు కండనీ దగ్గరికి లాగి కుట్టాలి. లాగి కుట్టింది కాబట్టి కుట్ల మీద బిగువు ఉండేది, వారాల తరబడి పడుకోమనేవాళ్లు. మన తాతలకి డాక్టర్లు చెప్పింది అదే, ఇంట్లో ఆ మాటే నిలిచిపోయింది. అయితే ఆ కాలంలోనే, 1945లో టొరంటోలో మొదలైన షోల్డైస్ ఆసుపత్రి జాలీ లేకుండా కుట్టి కూడా పేషెంట్లని వెంటనే నడిపించింది. 1980ల్లో అమెరికాలో లిక్టెన్‌స్టైన్ బృందం కండని లాగకుండా బలహీనపడిన చోట జాలీ పరిచే పద్ధతిని తెచ్చింది. దాని పేరులోనే 'టెన్షన్ లేనిది' అని ఉంది. ఇప్పుడు మనవాళ్లలో ఎక్కువమందికి జరుగుతున్నది జాలీ ఆపరేషనే.

ఆ జాలీ సాధారణంగా పాలీప్రొపిలీన్‌ది. మనం చూసే ప్లాస్టిక్ బస్తాలు నేసేదీ ఆ పదార్థంతోనే, కాకపోతే ఇది ఒంట్లో పెట్టడానికి వీలుగా శుద్ధిగా తయారైనది. దాని కన్నాల్లోంచి మన ఒంటి కొత్త పోగులు పెరిగి, ఇనుప చువ్వల మధ్య కాంక్రీటు పట్టుకున్నట్టు పట్టేసుకుంటాయి. అందుకు కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా దాన్ని కుట్లో, చిన్న పిన్నులో, కొన్ని ల్యాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే) ఆపరేషన్లలో పొట్ట లోపలి ఒత్తిడో పట్టి ఉంచుతాయి. నడకకి అది జారదు.

2005లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న 20 మంది యువతీయువకుల పొట్టలో ఒత్తిడి ఎంత ఉంటుందో కొలిచారు. బీపీ కొలిచే లెక్కలోనే చెప్తే, ఊరికే నిలబడితే సుమారు 20. నిలబడి దగ్గితే 100 దాటింది. నాలుగున్నర కిలోల బరువు ఎత్తినప్పుడు మాత్రం పెద్దగా పెరగలేదు. నీళ్ల జగ్గు ఎత్తితే భర్తని కోప్పడే ఇల్లాలు, ఆయన బీడీ తాగి తెరలుతెరలుగా దగ్గుతుంటే ఏమీ అనదు. భయపడాల్సింది ఆ దగ్గుకి. ముక్కి ముక్కి మోషన్‌కి వెళ్లడానికి. ప్రోస్టేట్ పెరిగి, బలం పెట్టి మూత్రం పోయాల్సి రావడానికి. వీటికి ఆపరేషన్‌కి ముందే మందులు వాడి ఉంటే మరీ మంచిది. ఇంకా తగ్గకపోతే ఇప్పుడైనా వాడాలి.

మంచం మీంచి లేవడం కూడా ఒక పద్ధతిలో చెయ్యాలి. వెల్లకిలా పడుకుని తల పైకెత్తి ఒక్క ఊపున లేస్తే పొట్ట కండరాలన్నీ బిగుసుకుని ప్రాణం పోయినంత నొప్పి వస్తుంది. మోకాళ్లు ముడవండి. పక్కకి తిరగండి. కాళ్లు మంచం కిందికి జారుస్తూ మోచేత్తో మంచాన్ని నొక్కి లేవండి. దగ్గో తుమ్మో వచ్చేటప్పుడు చిన్న దిండు గాయం మీద అదుముకోండి. యార్డు ఆయనకి ఇవన్నీ బల్ల మీదే రెండుసార్లు చేయించాను. తిరిగి వెళ్లేటప్పుడు ఆటో దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచారు.

అపోహ: మూడు నెలలు, కొందరైతే జన్మంతా, బరువు ఎత్తకూడదు.

వాస్తవం: 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు, ఏ ఇబ్బందీ లేకుండా జరిగిన గజ్జ హెర్నియా ఆపరేషన్ తర్వాత పనులకి ఆంక్షలు అక్కర్లేదనీ, ఆంక్షలు పెట్టినంత మాత్రాన హెర్నియా తిరిగి రావడం తగ్గదనీ చెప్పాయి. ఒంటికి హాయిగా అనిపించిన వెంటనే మామూలు పనుల్లో పడమన్నాయి.

నేను మా పేషెంట్లకి చెప్పేది ఇలా ఉంటుంది. ఇంట్లో పనులు, మెట్లు ఎక్కడం, వంట, చిన్న సంచితో కూరగాయల బజారు: మొదటి వారంలోనే. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగమైతే వారం, 10 రోజులు. 20 లీటర్ల నీళ్ల టిన్ను 20 కిలోలు ఉంటుంది, దానికి 3, 4 వారాలు ఆగండి. నిండు గ్యాస్ సిలిండర్ 30 కిలోల దగ్గర ఉంటుంది, 50 కిలోల సిమెంటు బస్తా సంగతి సరేసరి. వాటికి 4 నుంచి 6 వారాలు. మార్గదర్శకాలు ఇంకా ధైర్యం చెప్తున్నా, రోజంతా బస్తాలు మోసేవాళ్లకి, తాడిచెట్లెక్కే గీత కార్మికులకి నేను ఈ గడువు ఇస్తాను. జాలీ తెగుతుందని కాదు. నొప్పితో ఒక పక్కకి ఒరిగి బరువు ఎత్తే మనిషికి నడుం పట్టేస్తుంది, లేదా చెట్టు మీద పట్టు తప్పుతుంది. ఆ గడువు దాటాక కూడా మొదట సగం బరువుతో మొదలుపెట్టమంటాను.

ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువే. ఏ రోజు కూలి ఆ రోజు ఇంటికి తెచ్చే మనిషిని కారణం లేకుండా 3 నెలలు కూర్చోబెడితే ఆ ఇల్లు అప్పులపాలవుతుంది. యార్డు ఆయన అయిదో వారంలో పనికి వెళ్లారు. మొదటి వారం బస్తాలు భుజానికి ఎత్తించుకోకుండా కాటా దగ్గర నిలబడే పని అడిగి తీసుకున్నారు.

పొట్ట మీద పాత ఆపరేషన్ కుట్టు దగ్గర వచ్చిన పెద్ద హెర్నియా అయితే ఈ లెక్క వర్తించదు. అక్కడ జాలీ పెద్దది, కండరాలు కదిపి కుట్టిన పని ఎక్కువ. కనీసం 6 వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ. మీ సర్జన్ చెప్పిందే మీకు లెక్క. పక్కింటాయన ఆపరేషన్‌కీ మీ ఆపరేషన్‌కీ పేరొక్కటే కలిసి ఉండొచ్చు.

అపోహ: పప్పు, గుడ్డు, వంకాయ, గోంగూర తింటే చీము పడుతుంది.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకంతో నేను పడ్డంత పోరాటం మరి దేనితోనూ పడలేదు. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. షుగర్ అదుపులో లేకపోతే, గాయం శుభ్రంగా లేకపోతే, పొగ తాగితే ఆ ప్రమాదం పెరుగుతుంది. కందిపప్పుకీ చీముకీ సంబంధం లేదు. గాయం మానడానికి ఒళ్లు కొత్త పోగులు అల్లుకోవాలి, దానికి మాంసకృత్తులు కావాలి. సరిగ్గా ఆ సమయంలో పప్పూ గుడ్డూ ఆపేసి బ్రెడ్డు పెడితే గాయానికి తిండి ఆపినట్టే.

పైగా బ్రెడ్డులో, చారన్నంలో పీచు తక్కువ. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి. పడుకుని ఉంటే పేగులు ఇంకా మందగిస్తాయి. మూడూ కలిస్తే మనిషి బాత్రూమ్‌లో గంటసేపు ముక్కుతాడు. తోటకూర పప్పు, పెరుగు, బీరకాయ, బొప్పాయి, గుడ్డు, అలవాటుంటే చేపల పులుసు, అన్నీ పెట్టండి. నీళ్లు బాగా తాగించండి. రెండు రోజులు మోషన్ కాకపోతే ఊరుకోకుండా అడగండి, మెత్తబరిచే సిరప్ రాస్తాం. కారం, నూనె మొదటి రెండు రోజులు తగ్గిస్తే కడుపుకి తేలిక. గాయానికైతే వాటితో ఏ గొడవా లేదు.

కింద కూర్చునే మరుగుదొడ్డి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. నొప్పి లేకుండా కూర్చుని లేవగలిగితే వాడొచ్చు. ముక్కకపోవడం ముఖ్యం.

అపోహ: కుట్లు తీసేదాకా స్నానం చెయ్యకూడదు.

వాస్తవం: 48 గంటల తర్వాత ఒంటి మీద నీళ్లు పోసుకోవచ్చు. సబ్బు నురుగు గాయం మీంచి జారినా పర్వాలేదు, రుద్దకుండా మెత్తటి బట్టతో అద్దండి. పసుపు, కొబ్బరినూనె, పౌడరు రాయకండి. చెరువులో, బావిలో ఈత మాత్రం గాయం పూర్తిగా మానాకే.

అపోహ: వాపు కనబడింది, హెర్నియా మళ్లీ వచ్చేసింది.

వాస్తవం: ఒక రిటైర్డ్ మాస్టారు రాత్రి 11 గంటలకి ఫోన్ చేశారు. ఆపరేషన్ అయ్యి 8 రోజులు. "డాక్టర్ గారూ, అదే చోట, అంతే సైజులో వచ్చేసిందండీ." గొంతు వణుకుతోంది. రెండు ప్రశ్నలు అడిగాను. దగ్గితే ఉబుకుతోందా? పడుకుంటే లోపలికి పోతోందా? రెండింటికీ లేదన్నారు. పొద్దున్నే చూస్తే అనుకున్నదే, హెర్నియా ఉండిన ఖాళీలో నీరు చేరింది. దీన్ని సెరోమా అంటాం. పెద్ద హెర్నియాలకి ఇది తరచూ వస్తుంది. 6 నుంచి 8 వారాల్లో ఎక్కువమందికి ఒళ్లే పీల్చేసుకుంటుంది. సూదితో లాగించమని తొందరపెట్టకండి, ఆ సూదితో పాటు క్రిములు జాలీ దాకా వెళ్లొచ్చు.

కుట్టు కింద చేతికి తగిలే గట్టి గీత కూడా మానుతున్న కణజాలమే. వృషణాల సంచి, అంగం నేరేడుపండు రంగుకి తిరిగితే బెంబేలెత్తకండి. పైన కారిన కాస్త రక్తం కిందికి దిగింది, అంతే. వారం పది రోజుల్లో పసుపు రంగులోకి మారి పోతుంది. బిగుతుగా ఉండే లోదుస్తు వేసుకుంటే హాయిగా ఉంటుంది. గజ్జ ఆపరేషన్ తర్వాత బెల్టు కొనాల్సిన పని లేదు. పొట్ట మీద చేసినవాళ్లకి దగ్గేటప్పుడు, నడిచేటప్పుడు బెల్టు ఊరటనిస్తుంది.

అపోహ: మగతనం పోతుంది, పిల్లలు పుట్టరు.

వాస్తవం: ఈ ప్రశ్న ఎవరూ భార్య ఎదుట అడగరు. ఆవిడ మందులకి బయటికి వెళ్లాక గొంతు తగ్గించి అడుగుతారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌తో కలిపేసుకోవడం వల్ల వచ్చిన భయం ఇది. వీర్యనాళం హెర్నియా పక్కనుంచే వెళ్తుంది, దాన్ని జాగ్రత్తగా పక్కకి తప్పించడం ఈ ఆపరేషన్‌లో ముఖ్యమైన మెట్టు. దానికి దెబ్బ తగలడం చాలా అరుదు. అంగస్తంభనని నడిపే నరాలు వేరే చోట ఉంటాయి. నొప్పి లేకపోతే ఒకటి రెండు వారాల్లో సంసార జీవితం మొదలుపెట్టొచ్చు.

అపోహ: మత్తు కోసం నడుంలో సూది వేశారు కాబట్టి ఇక జీవితాంతం నడుంనొప్పే.

వాస్తవం: సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు, అది తగ్గిపోతుంది. కూర్చుంటే తల పగిలిపోతూ, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే మాత్రం చెప్పండి, దానికి వైద్యం ఉంది. ల్యాప్రోస్కోపీ చేయించుకున్నవాళ్లకి ఒకటి రెండు రోజులు భుజం నొప్పి వస్తుంది. పొట్టలోకి పంపిన గ్యాస్ మిగిలి డయాఫ్రమ్‌ని (ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొరని) రాపిడి పెట్టడం వల్ల వచ్చేది. సోడాలు తాగితే పోదు, లేచి నడిస్తే త్వరగా తగ్గుతుంది.

అపోహ: లేజర్‌తో చేస్తే కోత ఉండదు, మర్నాడే అన్నీ చేసుకోవచ్చు.

వాస్తవం: హెర్నియా అంటే కండలో పడిన ఖాళీ. దాన్ని లేజర్ పూడ్చలేదు. ప్రకటనలో ఏ పేరు రాసినా లోపల కుట్టో జాలీయో పడాల్సిందే. చేతిలో ఉన్న డబ్బు ఆ మాట చూసి ఖర్చు పెట్టకండి.

అపోహ: నెల దాటినా నొప్పి ఉంటే ఆపరేషన్ ఫెయిలైనట్టే.

వాస్తవం: కుట్టు కింద కొంత మేర మొద్దుబారడం, అప్పుడప్పుడు సూదితో పొడిచినట్టు అనిపించడం నరాలు కోలుకుంటున్నప్పుడు మామూలే. అయితే సుమారు పదిమందిలో ఒకరికి 3 నెలలు దాటాక కూడా నొప్పి ఉండొచ్చని పేషెంట్లకి ముందే చెప్పాలి, నేను చెప్తున్నాను. "అలవాటైపోతుందిలే" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దానికి మందులున్నాయి, నరం దగ్గర ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి.

బండి నడపడం గురించి ఒక్క మాట. గాయం దగ్గర నొప్పి అడ్డు రాకుండా, ఉన్నపళంగా గట్టిగా బ్రేకు తొక్కగలరా? ఆగి ఉన్న బండి మీద ముందు తొక్కి చూసుకోండి. చాలామందికి వారం పది రోజులు పడుతుంది. కిక్ కొట్టి స్టార్ట్ చేసే బండయితే ఇంకో రెండు వారాలు ఇంకొకరి చేత కొట్టించండి.

అపోహ: కాస్త చీము, జ్వరం, వాంతులు ఆపరేషన్ అన్నాక ఉండేవే.

వాస్తవం: ఉండేవి కావు. 100.4 దాటిన జ్వరం, రోజురోజుకీ పాకే ఎరుపు, గాయంలోంచి కారే చీము, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఆయాసం, మూత్రం బిగుసుకుపోవడం, వీటిలో ఏది కనబడినా ఆ రోజే రండి. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగి చూద్దాం అనుకోవద్దు. గజ్జలో రాయిలాంటి గడ్డ లేచి, నొక్కితే లోపలికి పోకుండా, పొట్ట ఉబ్బి, వాంతులవుతూ గ్యాస్ కూడా పోవడం లేదంటే పేగు ఇరుక్కుని ఉండొచ్చు. అప్పుడు ఏమీ తినకుండా, తాగకుండా, ఎంత రాత్రయినా సర్జన్ ఉన్న ఆసుపత్రికి బయల్దేరండి. డిశ్చార్జి కాగితం జేబులో పెట్టుకోవడం మరిచిపోకండి, ఏ పక్క ఏ ఆపరేషన్ జరిగిందో అక్కడి డాక్టరుకి అందులోనే ఉంటుంది.