కోల్డ్ ఫ్యూజన్‌లో "ఎక్కువొచ్చిన వేడి": కొన్ని అపోహలు, వాస్తవాలు

కోల్డ్ ఫ్యూజన్ అంటే మామూలు గది వేడిలోనే అణువుల కేంద్రకాలు కలిసిపోయి ఎనర్జీ వస్తుందనే వాదన. వేడి కొలవడమే నా పని, రోజంతా క్యాలరీమీటర్లతోనే (వేడి ఎంతొచ్చిందో కొలిచే పరికరాలు). అందుకని ఎవరైనా "పెట్టిన కరెంటుకి మూడింతల వేడొచ్చిందట" అంటే నేను న్యూక్లియర్ ఫిజిక్స్ జోలికి వెళ్ళను, ఎలా కొలిచారో చెప్పమంటా, చాలావరకు కథ అక్కడే తేలిపోద్ది.

అపోహ: ఆవిరి బుస్సుమని వస్తోందంటే అంత పవర్ ఉన్నట్టే.

2011లో ఇటలీలో ఆండ్రియా రోసీ, కోల్డ్ ఫ్యూజన్ లాంటి చర్యతో నీళ్ళు మరిగిస్తుందంటూ చూపించిన ఈ-క్యాట్ యంత్రం డెమోల మీద గొడవలో పెద్ద ముక్క ఇదే. కిలో నీళ్ళని 20 డిగ్రీల నుంచి 100కి తేవడానికి 335 కిలోజౌల్స్ చాలు, కానీ ఆ మరిగే నీళ్ళని మొత్తం ఆవిరి చేయాలంటే ఇంకో 2257 కావాలి, మరి నీళ్ళన్నీ ఆవిరైపోయాయని లెక్క రాసేసుకుని నిజానికి గొట్టంలోంచి వేడినీళ్ళే ఎక్కువ పోతుంటే? మరీ ఘోరమైన కేసులో కాగితం మీద పవర్ ఏడింతలు దాటేస్తుంది. "మా ఆవిరిలో ఒక్క శాతమే నీరు" అన్నా సరే, ఏ శాతమో అడగాలి. వాల్యూమ్‌లో 1 శాతం నీరుంటే బరువులో 90 శాతం పైన నీరే! గాల్లో తేమ కొలిచే ప్రోబ్ ఆ తుంపర్ల బరువు చెప్పదు.

అపోహ: లోపలికెళ్ళే కరెంటు కొలవడంలో తప్పేముంటుంది, మీటర్ ఉందిగా.

డీసీ అయితే ఓకే. ఏసీ కరెంటు అలల్ని ముక్కలు చేసి పంపే కంట్రోలర్ ఉంటే మామూలు క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) రీడింగ్ నేనైతే నమ్మను, ఆ ముక్కల్ని అది సరిగ్గా పట్టకపోవచ్చు.

అపోహ: 1989లో అమెరికాలోని యూటాలో పాన్స్, ఫ్లైష్‌మన్ అనే కెమిస్టులు కరెంటుతో నీటిని విడగొట్టే సెల్‌లో వేడి వచ్చింది, అంటే ఫ్యూజన్ జరిగినట్టే కదా.

వాళ్ళది ఓపెన్ సెల్, అంటే గ్యాసులు బయటికి పోయేది. హెవీ వాటర్ (మామూలు హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉండే నీరు) విడిపోయి డ్యుటీరియం, ఆక్సిజన్ బయటికి పోతాయి కాబట్టి వోల్టేజ్‌లోంచి ఆ విడగొట్టడానికి పోయే 1.54 వోల్టులు తీసేసి మిగతాదాన్నే వేడిగా లెక్కేస్తారు, పద్ధతి తప్పు కాదు. కానీ ఆ గ్యాసులు కొంచెం లోపలే మళ్ళీ కలిసిపోయాయనుకోండి, తీసేసిన ఎనర్జీ వేడిగా తిరిగొచ్చి "అదనం" ఖాతాలో పడిపోద్ది. అర ఆంపియర్ దగ్గర ఇది గరిష్ఠంగా 0.77 వాట్, చిన్న సెల్‌కి తక్కువేం కాదు. ద్రవం సరిగ్గా కలవకపోతే థర్మామీటర్ పెట్టిన చోటే వేడిగా ఉండటం ఇంకో తలనొప్పి, అమెరికాలోని కాల్‌టెక్ యూనివర్సిటీ వాళ్ళు అప్పుడే ఎత్తి చూపారు. గ్యాస్ బయటికి వదలని క్లోజ్డ్ సెల్ వాడి శ్రద్ధగా చేసినవాళ్ళూ ఉన్నారు, అందర్నీ ఒకే గాటన కట్టను.

అపోహ: ఫ్యూజన్‌లో పుట్టాల్సిన న్యూట్రాన్లు రాకపోతే ఏం, ఫ్యూజన్‌లోనే పుట్టే హీలియం దొరికిందిగా.

మామూలు డ్యుటీరియం ఫ్యూజన్‌తో ఒక్క వాట్ రావాలంటే సెకనుకి దాదాపు లక్ష కోట్ల న్యూట్రాన్లు రావాలి, ఆ రేడియేషన్‌కి పక్కన నిలబడ్డవాళ్ళు ఫొటోలు దిగే పరిస్థితి ఉండదు. హీలియం అంటారా, గాల్లోనే 10 లక్షలకి 5 వంతులుంది, చిన్న లీక్ చాలు.

అపోహ: సైంటిస్టులు చూడకుండానే తలుపులేసేశారు.

అమెరికా ఇంధన శాఖ 1989లో ఒకసారి, 2004లో మళ్ళీ రివ్యూ చేయించింది. గూగుల్ డబ్బిచ్చిన టీమ్ ఏళ్ళ తరబడి చేసి 2019లో నేచర్‌లో రాసింది, ఫ్యూజన్ ఆనవాలు దొరకలేదని. 2023లో అమెరికా ఇంధన శాఖలోని పరిశోధనల ఫండింగ్ విభాగం ఆర్పా-ఈ కూడా ఈ పరిశోధనకి కోటి డాలర్ల దాకా ఇస్తానంది.

నన్నడిగితే ముందు నీటి ఫ్లో పెంచండి, అసలు ఆవిరే రాకూడదు, లోపలికొచ్చే నీటికీ బయటికెళ్ళే నీటికీ వేడిలో తేడా ఎన్ని డిగ్రీలో చూసుకుంటే సరిపోద్ది. పక్కనే అదే సైజు డబ్బాలో ఉత్త హీటర్ కాయిల్ పెట్టి అంతే కరెంటిచ్చి, రెండు గ్రాఫులూ పక్కపక్కన చూపించండి.