చేతి లాక్‌లు: మా తరగతిలో వినిపించే అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో మా సాయంత్రం జూడో, జియు-జిట్సు తరగతికి కొత్తగా చేరేవారిలో చాలామంది మొదటి వారంలోనే "సార్, ఆ చెయ్యి విరిచే లాక్ ఎప్పుడు నేర్పిస్తారు?" అని అడుగుతారు. లాక్ అంటే ఎదుటివాడి కీలును హద్దు దాకా వంచి లొంగదీసే పట్టు. ఫోనులో చూసిన వీడియోలో ఆ పట్టు మూడు సెకన్లలో ముగిసిపోతుంది కాబట్టి, నేర్చుకోవడానికీ పెద్దగా సమయం పట్టదని వారు అనుకోవడం సహజమే. జూడోతో మొదలుపెట్టి తరువాత జియు-జిట్సు నేర్చుకుని, ఇప్పుడు రెండూ నేర్పుతున్న నాకు తరచూ ఎదురయ్యే అపోహలను ఇక్కడ రాస్తున్నాను. మిగిలినవన్నీ మొదటి అపోహలోంచే పుడతాయి కనుక దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అపోహ: చేతుల్లో బలం ఉన్నవాడికే లాక్ పడుతుంది.

వాస్తవం: ఎదుటివాడి ఒక్క చేతి మీద మన ఒళ్లంతా పనిచేసేలా అమర్చుకోవడమే ఈ విద్య. జూడోలో జూజీ-గతమే అనీ, జియు-జిట్సులో ఆర్మ్‌బార్ అనీ పిలిచే పట్టునే తీసుకుందాం. వెల్లకిలా పడి ఉన్నవాడికి అడ్డంగా కూర్చుని, ఒక కాలు అతని మెడ మీదుగా, ఇంకొకటి ఛాతీ మీదుగా వేసి, అతని చేతిని మన తొడల మధ్య బిగించి వెనక్కి వాలతాం. బండరాయిని గునపంతో పెకలించేటప్పుడు గునపం కింద చిన్న రాయి పెడతారు కదా, ఇక్కడ మన పొత్తికడుపు కింది ఎముక ఆ రాయి చేసే పనే చేస్తుంది. అతని మోచేతికి కాస్త పైభాగం ఆ ఎముక మీద ఆని, బొటనవేలు పైకప్పు వైపు చూస్తూ ఉంటే, నడుము ఒక్క అంగుళం లేపినా చాలు. బొటనవేలు పక్కకు తిరిగితే మోచేయి కూడా దానితోపాటు తిరిగి, ఎంత లాగినా చెయ్యి మడిచి జారిపోతుంది.

కొత్తవారు చెయ్యి దొరకగానే ఆత్రంగా వెనక్కి పడి రెండు చేతులతో లాగడం మొదలుపెడతారు. అప్పుడు వారి పిరుదులకూ అవతలివాడి భుజానికీ మధ్య ఖాళీ మిగిలిపోతుంది. మోచేతిని ఆ ఖాళీలోకి గుంజుకుని అతను సులువుగా తప్పించుకుంటాడు. అందుకే వెనక్కి వాలకముందు ఆ సందులో నా అరచెయ్యి పెట్టి చూస్తాను. చెయ్యి దూరితే లేచి మళ్లీ మొదటినుంచి చెయ్యమంటాను. దీనివల్ల విసుగు పుట్టి మానేసినవారు కూడా ఉన్నారు. మరోవైపు, వారం వారం అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు వెళ్లే ఒక సన్నపాటి కుర్రవాడు మోకాళ్లు దగ్గరికి బిగించి పట్టాడంటే, జిమ్ముకు వెళ్లి కండలు పెంచినవారు కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేరు.

అపోహ: నొప్పి మొదలయ్యాక తట్టవచ్చు (అంటే ఓటమి ఒప్పుకుంటూ అవతలివాడిని గానీ మ్యాట్‌ను గానీ చేత్తో కొట్టవచ్చు).

వాస్తవం: ఇది నేను నమ్మి నష్టపోయిన అపోహ. నేర్చుకుంటున్న రోజుల్లో నాకన్నా చిన్నవాడు ఆర్మ్‌బార్ వేస్తే తట్టడానికి నామోషీ అనిపించి, ఇంకా నొప్పి లేదు కదా అని పళ్లు బిగించి ఆగాను. మోచేతి లోపలి వైపు టక్కుమని తడిగుడ్డ చిరిగినట్టు ఒక చప్పుడు వినిపించింది. నొప్పి దాని తరువాతే వచ్చింది. ఆపై నెలల తరబడి ఇరవై లీటర్ల వాటర్ క్యాన్‌ను ఆ చేత్తో ఎత్తలేకపోయాను. మోచేతి కీలు బాగా సాగే స్వభావం ఉన్నవారికి ముందస్తు హెచ్చరిక ఇంకా తక్కువగా ఉంటుంది. చెయ్యి పూర్తిగా చాచుకుపోయి, ఇక తిప్పుకోవడానికి దారి లేదని తెలిసిన క్షణమే తట్టాలి. రెండు చేతులూ చిక్కుకుపోతే కాలితో మ్యాట్‌ను కొట్టవచ్చు, నోటితో గట్టిగా చెప్పవచ్చు. జూడోలో దీనికి "మైత్తా" (ఓడిపోయాను) అనే మాటే ఉంది. వేసేవాడు కూడా చివరి అంగుళాన్ని నిదానంగా పూర్తిచెయ్యాలి. అవతలివాడికి తట్టే వ్యవధి ఇవ్వని లాక్‌ను నేను లాక్‌గా లెక్కపెట్టను.

అపోహ: కిమురా అనే పట్టును కిమురా కనిపెట్టాడు.

వాస్తవం: మోచేతిని మడిచి భుజాన్ని వెనక్కి మెలితిప్పే ఈ పట్టు జూడోలో ఉదె-గరామి పేరుతో అంతకుముందే ఉంది. 1951 అక్టోబరులో రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో యోధుడు మసాహికో కిమురా దీనితోనే బ్రెజిల్ జియు-జిట్సు యోధుడు హేలియో గ్రేసీ చెయ్యి విరిచాడు. గ్రేసీ తట్టలేదు; అతని పక్షం వారే తువ్వాలు విసిరి పోటీని ఆపారు. ఆ గౌరవంతో బ్రెజిల్ వారు పట్టుకు గెలిచినవాడి పేరు పెట్టుకున్నారు. ఈ కథ చెప్పగానే కుర్రవాళ్లకు గ్రేసీ మొండితనం నచ్చుతుంది. నేను మాత్రం విరిగిన చెయ్యి గురించే మాట్లాడతాను. మెలితిప్పే పట్లలో భుజం కీలుతోపాటు దండ ఎముక కూడా మెలిక తిరిగినట్టు విరగవచ్చు.

అపోహ: మోచేయి టక్కుమంటే పుత్తూరు కట్టు వేయిస్తే సరిపోతుంది.

వాస్తవం: మన ప్రాంతంలో ఈ మాట రాకుండా ఉండదు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే ఆ కట్టు మీద మా ఇంట్లో పెద్దలకు ఉన్న నమ్మకాన్ని నేను తక్కువ చెయ్యను. అయితే ఆర్మ్‌బార్‌లో తరచూ దెబ్బతినేది ఎముక కాదు, ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు. ఎముక బాగుందా, కీలు తొలగిందా, లిగమెంటు చిరిగిందా అన్నది తెలియకుండా ఏ కట్టు వేయించినా అది చీకట్లో వేసినట్టే. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కినా, అరచెయ్యి చల్లబడినా, పాలిపోయినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లి ఎముకల డాక్టరుకు చూపించాలి. "మా నాన్న రేపు పొద్దున్నే పుత్తూరుకు తీసుకెళ్తానన్నారు సార్" అన్న విద్యార్థిని ముందు ఎక్స్‌రే తీయించుకుని రమ్మని పంపాను. మరుసటి రోజు అలిగి నాతో మాట్లాడలేదు కానీ ఎక్స్‌రే మాత్రం తెచ్చాడు.

అపోహ: కుస్తీ వచ్చినవాడికి లాక్‌లు వచ్చినట్టే.

వాస్తవం: ఒలింపిక్ కుస్తీలో కీళ్లను విరిచే పట్లు నిషిద్ధం. జూడో పోటీల్లో మోచేతి మీద మాత్రమే లాక్ వేయవచ్చు. జియు-జిట్సులో మణికట్టు లాక్‌లు కూడా ఉన్నా, పెద్ద పోటీల్లో తెల్ల బెల్టు వారికి, అంటే కొత్తగా నేర్చుకునేవారికి, వాటిని అనుమతించరు. కుస్తీ నుంచి వచ్చినవారికి మీద బరువు వేసి అదిమిపెట్టడం బాగా వస్తుంది. ఆ విషయంలో వారు నాకే పాఠాలు చెప్పగలరు. కానీ కింద పడ్డప్పుడు చేతులు చాచి నెట్టే అలవాటు ఉన్నవారు మొదటి నెలలో ఆర్మ్‌బార్‌కు దొరుకుతూనే ఉంటారు.

అపోహ: రోడ్డు మీద గొడవలో ఒక్క లాక్ వేస్తే చాలు.

వాస్తవం: లాక్ వెయ్యాలంటే ముందు అవతలివాడిని కదలకుండా చెయ్యాలి; దానికి సాధారణంగా నేల మీదికి దిగాలి, నేల మీద ఉన్నవాడికి వెనకనుంచి వచ్చే రెండోవాడు కనిపించడు. నిలబడి వేసే లాక్‌లు ఉన్నాయి, కాదనను. చంకలో చేతిని బిగించి వేసే వాకి-గతమే అలాంటిదే. దాన్ని వేస్తూ నేరుగా మ్యాట్ మీదికి పడిపోతే జూడోలో ఆటగాడిని పోటీనుంచే బయటికి పంపేస్తారు, ఎందుకంటే ఇద్దరి బరువూ ఒక్క మోచేతి మీద పడినప్పుడు తట్టడానికి ఎవరికీ సమయం ఉండదు. మ్యాట్ మీదే వద్దన్న పనిని తారు రోడ్డు మీద చేసి చూపించమని నన్ను ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.