తీసిన గుర్రపు డెక్కను ఎక్కడ పోస్తున్నాం?

మా ఇంటి దగ్గరి చెరువులో మొన్న మెషిన్ పెట్టి గుర్రపు డెక్క తీయించి, తీసిందంతా కట్ట మీదే కుప్ప పోశారు. ఒక మొక్క చేత్తో ఎత్తి చూశాను. పైన ఆకులు నిగనిగలాడుతున్నాయి, కింద వేళ్లు మాత్రం తడిసిన జుట్టులా నల్లగా వేలాడుతూ, వాటి నుంచి బురదనీళ్లు బొట్లు బొట్లుగా కారి మళ్లీ చెరువులోకే పోతున్నాయి. సీసం, కాడ్మియం లాంటి భార లోహాలను ఈ మొక్క ఎక్కువగా ఆ వేళ్లలోనే పట్టి ఉంచుతుంది.

ఇది కొత్త విషయమేం కాదు. న్యూ కలెడోనియా దీవిలో ఒక చెట్టు పాలు నీలంగా ఉంటే ఎందుకా అని పరీక్షించారు, ఎండబెట్టిన పాలలో నాలుగో వంతు నికెలే ఉందని 1976లో తేలింది. అదే దశాబ్దంలో అమెరికాలో నాసా వాళ్లు ఈ గుర్రపు డెక్కతోనే మురుగునీళ్లు శుభ్రం చేసి చూశారు. 1990లలో చెర్నోబిల్ దగ్గర చెరువులో పొద్దుతిరుగుడు మొక్కల్ని నీళ్ల మీద తేలేలా పెంచి, వేళ్లతో రేడియోధార్మిక సీజియం, స్ట్రాన్షియం లాగించారు.

మనకు ఈ అవసరం హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరుతో వచ్చింది. 1970లలో అక్కడ పారిశ్రామికవాడ పెట్టాక మందుల కంపెనీల వ్యర్థాలు నక్కవాగులో పడి, అక్కణ్ణుంచి మంజీరా దాకా పోయాయి, పొలాలు పాడయ్యాయి, 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. డాక్టర్ కిషన్ రావు గారు ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. అక్కడి మట్టిలో ఆర్సెనిక్, క్రోమియం, సీసం ఎక్కువగా ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) పరిశోధకులే తేల్చారు.

2018లో హైదరాబాద్‌లోని నెక్నాంపూర్ చెరువులో వెదురు, థర్మాకోల్ మీద వట్టివేరు, జమ్ము, మెట్టతామర లాంటివి నాటి తేలే తోట కట్టారు. నాకు చాలా నచ్చిన పని అది. కాకపోతే అది ముఖ్యంగా డ్రైనేజీ నీళ్ల కోసం. మురుగును వేళ్ల దగ్గరి సూక్ష్మజీవులు తినేస్తాయి, లోహాన్ని తినేవి ఏవీ లేవు, అది నీళ్లలోంచి మొక్కలోకి చేరుతుందంతే, మొక్క కుళ్లిందంటే మళ్లీ నీళ్లలోకే వచ్చేస్తుంది. అందుకే కుళ్లకముందే కోసి దూరంగా తీసుకెళ్లాలి, పరీక్షలో లోహం ఎక్కువని తేలితే దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి.

మా కట్ట మీది కుప్పను ఎవరూ పరీక్ష చేయలేదు. నిన్న ఇద్దరు ఆటో ట్రాలీ తెచ్చి ఎరువుకని సగం ఎత్తుకెళ్లారు. ఎక్కడికని అడిగితే పాలకూర మళ్లకన్నారు.