మందులకు లొంగని బీపీకి పరికర చికిత్స: అపోహలు - వాస్తవాలు

"డాక్టర్ గారూ, ఆ కిడ్నీ నరాల చికిత్స చేయించుకుంటే ఇక మాత్రలు మానేయొచ్చా?" నన్ను ఎక్కువ మంది అడిగేది ఇదే.

అపోహ: ఒక్కసారి చేయించుకుంటే మాత్రల పని ఉండదు.

వాస్తవం: చాలామందికి ఉంటుంది. తొడ మొదట్లోని ధమని గుండా సన్నటి గొట్టాన్ని కిడ్నీ ధమనుల్లోకి పంపి, రేడియో తరంగాలతోనో అల్ట్రాసౌండ్‌తోనో వాటి చుట్టూ అల్లుకున్న సింపథెటిక్ నరాలను పనిచేయకుండా చేస్తాం. దీన్నే రీనల్ డినర్వేషన్ అంటారు. ఆ నరాలు అతిగా పనిచేస్తే కిడ్నీ ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది, బీపీని పెంచే రెనిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది. వాటి జోరు తగ్గితే బీపీ దిగుతుంది. అయితే ఉత్తుత్తి చికిత్సతో (నరాల జోలికి వెళ్లకుండా చేసినట్టు మాత్రమే చేసేదానితో) పోల్చినప్పుడు పై అంకెలో కనిపించిన అదనపు తగ్గుదల సుమారు 4 నుంచి 6 పాయింట్లే. దాన్ని తీసిపారేయకండి. మందులతో చేసిన అధ్యయనాల్లో 5 పాయింట్ల తగ్గుదలకే గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పులు దాదాపు పదో వంతు తగ్గాయి.

అపోహ: మూడు మాత్రలకూ తగ్గలేదంటే ఇక పరికరమే దిక్కు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే అపోహ ఇది. ఆ మూడింటిలో నీరు తీసే మాత్ర ఉందా? డోసు సరిపోతోందా? రోజూ వేసుకుంటున్నారా? లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువే చూపిస్తుంది. ఆసుపత్రిలో పెరిగి ఇంట్లో మామూలుగా ఉండే బీపీ కూడా ఉంటుంది, అందుకే 24 గంటల కొలత అడుగుతాను. నొప్పి మాత్రలు, నిద్రలో శ్వాస ఆగడం, ఒంట్లో ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టిరాన్ హార్మోన్ ఎక్కువవడం, ఇవన్నీ వెతకాలి. నాలుగో మందుగా స్పైరనోలాక్టోన్ చాలామందికి బాగా పనిచేస్తుందని 2015లో పాత్‌వే-2 అధ్యయనం చూపింది. రక్తంలో పొటాషియం పెరగకుండా మాత్రం కన్నేసి ఉంచాలి.

అపోహ: ఇది ఎప్పుడో విఫలమైంది.

వాస్తవం: 2014లో ఈ చికిత్సపై వచ్చిన సింప్లిసిటీ హెచ్‌టీఎన్-3 అధ్యయనం నిరాశపరిచిన మాట నిజమే. తర్వాత గొట్టాలు, పద్ధతులు మెరుగుపడ్డాయి. 2023 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ చికిత్స చేసే రెండు పరికరాలకు అనుమతిచ్చింది.

అపోహ: కిడ్నీలు దెబ్బతింటాయి.

వాస్తవం: ఇప్పటివరకు జరిగిన అధ్యయనాల్లో అలాంటి పెద్ద హాని కనబడలేదు. గొట్టం పెట్టినచోట రక్తస్రావం జరగొచ్చు, అరుదుగా కిడ్నీ ధమని సన్నబడొచ్చు. కిడ్నీలు బాగా బలహీనపడినవారిని చాలా అధ్యయనాల్లో చేర్చుకోలేదు, కాబట్టి వారికి నేను తొందరపడి సూచించను. ఎవరికి బాగా పనిచేస్తుందో ముందే చెప్పే నమ్మకమైన పరీక్ష ఇంకా లేదు. ఈ మాట అంగీకార పత్రంపై సంతకానికి ముందే రోగికి చెబుతాను.