పొగాకు పైపుకు ఫిల్టరు అమర్చడం: అపోహలు, వాస్తవాలు

నేను రాజమహేంద్రవరంలో లేత్ మిషన్ మీద ఎబొనైట్ (గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు) కడ్డీలు తిప్పి పెన్నులు చేసే పనిలో పెరిగాను. ఈ ఊళ్లో 1930ల నుంచి ఎబొనైట్ పెన్నులు తయారవుతున్నాయి. పాత పొగాకు పైపుల నోటి గొట్టాలు కూడా ఎక్కువగా అదే ఎబొనైట్‌తో చేసినవి కావడం వల్ల, ఒకాయన విరిగిన పైపు పట్టుకొని మొదటిసారి మా షెడ్డుకు వచ్చినప్పుడు ఆ పని నాకు పరాయిదిగా అనిపించలేదు. అప్పటి నుంచి పెన్నులతో పాటు పైపుల మరమ్మతు కూడా చేస్తున్నాను. ఈ మధ్య నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే: తాతగారిదో, విదేశాల నుంచి తెచ్చుకున్నదో ఒక మామూలు పైపును ఫిల్టరు పట్టేలా మార్చి ఇమ్మని. వాళ్లు అలా అడగడానికి చెప్పే కారణాల్లో సగానికి పైగా అపోహలే కనుక, పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ చెప్పే మాటలను ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందుగా పైపు భాగాల గురించి రెండు మాటలు చెప్పాలి. పొగాకు నింపే గిన్నె, దాని నుంచి వచ్చే కాడ సాధారణంగా బ్రయర్ అనే కర్రతో ఒకే ముక్కగా ఉంటాయి. మధ్యధరా తీరాల్లో పెరిగే ఒక పొద మొదట్లో, వేళ్ల పైన గడ్డలా ఊరే కర్ర అది. కాడ చివర గుండ్రటి గూడు ఉంటుంది. నోటి గొట్టానికి ఒక చివరన ఉండే సన్నటి భాగం ఆ గూట్లోకి బిగుతుగా దూరుతుంది. దాన్ని నేను మొన అంటాను. గిన్నె అడుగు నుంచి నోటి దాకా పొగ నడిచే దారి సుమారు 4 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఫిల్టరు కూర్చోవలసింది ఈ గూడు, మొన కలిసే చోటనే.

అపోహ: ఫిల్టరు పెట్టుకుంటే పైపు వల్ల వచ్చే ప్రమాదం పోతుంది.

వాస్తవం: పోదు. డబ్బు తీసుకొని పని చేసేవాడిని కనుక ఈ మాట నేనే ముందు చెప్పాలి. ఎక్కువగా దొరికే 9 మిల్లీమీటర్ల లావు ఫిల్టర్లలో యాక్టివేటెడ్ కార్బన్ అనే ఒక రకం బొగ్గు గుళికలు ఉంటాయి. ఆ గుళికల ఒంటి నిండా కంటికి కనిపించని రంధ్రాలు ఉండటం వల్ల ఆవిరి రూపంలో ఉన్న కొన్ని ఘాటైన పదార్థాలు వాటికి అంటుకుంటాయి, కొంత తేమ కూడా ఆగుతుంది. అయితే పొగ అంటే ఆవిరి ఒక్కటే కాదు. తారు, నికోటిన్ చాలావరకు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్నవైన తుంపరలుగా గాలిలో తేలుతూ వస్తాయి; గుళికల మధ్య సందులు ఆ తుంపరలకు రాజబాటల్లాంటివి. కార్బన్ మోనాక్సైడ్ అయితే ఆ బొగ్గుకు అంటుకోనే అంటుకోదు, ఉన్నది ఉన్నట్టుగా దాటిపోతుంది.

‘నేను పొగ గుండెల్లోకి లాగను కదా, పైగా ఫిల్టరు కూడా ఉంది’ అనేవాళ్లు మా చుట్టలు తాగేవాళ్లను చూస్తే చాలు. లంక పొగాకు చుట్ట తాగేవారు పొగను లోపలికి పీల్చకపోయినా వాళ్లకు నికోటిన్ అందుతూనే ఉంటుంది, ఎందుకంటే చుట్ట పొగకు, చాలా రకాల పైపు పొగకు క్షార గుణం ఎక్కువగా ఉండి నికోటిన్ నోటి లోపలి పొర గుండానే రక్తంలోకి చేరుతుంది. పైపు, చుట్ట తాగడం వల్ల నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక క్యాన్సర్లు వస్తాయన్నది వైద్యులు స్థిరపరచిన విషయం. ఫిల్టరు అన్న మాట వినగానే రక్షణ అనుకోవడం ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి అమెరికాలో జరిగినదొకటి చాలు: 1952 నుంచి 1956 వరకు కెంట్ సిగరెట్ల ‘మైక్రొనైట్’ ఫిల్టరులో ఆస్‌బెస్టాస్ పీచు వాడారు. ఆరోగ్యానికి మంచిదని ప్రకటించి అమ్మిన ఫిల్టరు అది. అందువల్ల ఆరోగ్యం కోసమే మార్పు కావాలని వచ్చినవారికి, ఆ పని లేత్ చేయలేదని, మానడం గురించి డాక్టరుతో మాట్లాడమని చెప్పి పంపిస్తాను. మానే ఆలోచన లేనివారికైనా ఫిల్టరును రుచికి, తేమకు సంబంధించిన ఏర్పాటుగానే చేసిస్తాను తప్ప రక్షణ కవచంగా కాదు.

అపోహ: గూట్లో కాస్త పెద్ద బిట్టుతో రంధ్రం వేస్తే ఏ పైపుకైనా ఫిల్టరు పడుతుంది.

వాస్తవం: పడుతుందా లేదా అన్నది లావు కొలిచే వెర్నియర్ చెప్పాలి, మనం కాదు. మామూలు పైపు మొన 7 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటుంది. అందులోనే 6 మిల్లీమీటర్ల ఫిల్టరుకు రంధ్రం వేస్తే చుట్టూ మిగిలే గోడ ఎక్కువలో ఎక్కువ ఒక మిల్లీమీటరు, అదీ పెళుసైన ఎబొనైట్. ఒకసారి గొట్టాన్ని మెలితిప్పి లాగినప్పుడు అది గూట్లోనే విరిగి ఉండిపోతుంది. అందుకే పాత గొట్టాన్నే వాడాల్సి వస్తే దాని మొనను కోసేసి, డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ కడ్డీతో కొత్త మొన తిప్పి అతికిస్తాను. 9 మిల్లీమీటర్ల ఫిల్టరు విషయంలో లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. ఫిల్టరు 9, మొన గోడ అటూ ఇటూ ఒక్కొక్కటి చొప్పున 11 అయింది. దాని చుట్టూ కర్ర కనీసం మూడేసి మిల్లీమీటర్లు మిగలాలని నా నియమం, అంటే కాడ 17 మిల్లీమీటర్ల లావుండాలి. చేతికి నాజూకుగా కనిపించే పైపుల కాడలు చాలావరకు 13, 14 మిల్లీమీటర్లే ఉంటాయి. పద్నాలుగులో పదకొండు తీసేస్తే ఒక్కోవైపు మిగిలేది ఒకటిన్నర.

ఈ నియమం నాకు అనుభవం నేర్పినది. తొలి రోజుల్లో ఒక పెద్దాయన తన తండ్రి వాడిన పైపు తెచ్చారు. కాడ 15 మిల్లీమీటర్లే ఉన్నా ఆయన పట్టుబట్టడంతో నేను ఒప్పుకున్నాను. లేత్ పట్టు అయిన చక్‌లో బిగించి, నెమ్మది వేగంలో, అర మిల్లీమీటరు చొప్పున బిట్లు మారుస్తూ 10 దాకా వెళ్లాను. పొడి సన్నగా, పొడిపొడిగా, ఎర్రటి తవుడులా రాలుతోంది. పదిన్నర బిట్టు లోపల ఉండగా పొడి బదులు ఒక చిన్న పెచ్చు బయటికి వచ్చింది. మిషన్ ఆపి భూతద్దం పెట్టి చూస్తే గూటి అంచు నుంచి గిన్నె వైపు ఒక వెంట్రుక వాసి గీత కనిపించింది. బ్రయర్‌లో ఇసుక రేణువులు, పూడుకుపోయిన సందులు లోపల ఎక్కడెక్కడ ఉన్నాయో పైనుంచి తెలియదు. ఆ రోజు బిట్టు అలాంటి చోటును తాకింది. రోకలికి పొన్ను వేసినట్టు కాడ చివర వెండి పొన్ను తిప్పి వేడిగా ఎక్కించి ఆ పగులును ఆపగలిగాను, కూలి తీసుకోలేదు. ఆయన ఏమీ అనలేదు గానీ, తండ్రి చేతి నునుపు దిగిన ఆ కాడ మీద కొత్త వెండిని బొటనవేలితో చాలాసేపు రుద్దుతూ కూర్చున్నారు. అప్పటి నుంచి 17 కన్నా సన్నటి కాడకు 9 ఫిల్టరు రంధ్రం వేయలేదు.

వంకర పైపులకైతే లావు ఒక్కటి సరిపోదు. 9 మిల్లీమీటర్ల ఫిల్టరు పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, అది వంగదు. బాగా వంగిన పైపుల్లో గూడు లోతు తక్కువ, పొగ దారి దాని అడుగున ఏటవాలుగా కలుస్తుంది. నోటి గొట్టం కూడా మొన దాటగానే ఒంపు తిరుగుతుంది. ఆ నాలుగు సెంటీమీటర్ల తిన్నటి చోటు దొరకనప్పుడు లోతు పెంచబోతే బిట్టు గిన్నె గోడలోకి పోతుంది.

అపోహ: పైపు గుడగుడలాడుతోందంటే ఫిల్టరు లేకపోవడమే కారణం.

వాస్తవం: ఆకు కాలినప్పుడు నీటి ఆవిరి పుట్టడం సహజం, ఆకులో ఉన్న తడి దానికి తోడవుతుంది. పైపు మిశ్రమాల్లో ఎక్కువగా వాడే వర్జీనియా రకం ఆకును, మన ప్రకాశం జిల్లా రైతులు చేసినట్టే, బ్యారన్లలో వేడిగాలితో పచ్చ ఆకు పసుపు రంగు తిరిగేలా ఆరబెడతారు. ఆ పద్ధతిలో ఆకులోని చక్కెర చాలావరకు నిలిచిపోతుంది. అలాంటి ఆకును గబగబా పీలిస్తే వేడి పెరిగి నాలుక మండుతుంది, ఆవిరి చల్లటి గొట్టంలో నీరుగా మారి గుడగుడలాడుతుంది. నా దగ్గరకు ఈ ఫిర్యాదుతో వచ్చే పైపుల్లో చాలావాటికి మొనకూ గూటి అడుగుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. పొగ అక్కడ ఒక్కసారిగా విచ్చుకొని చల్లబడి నీరు వదులుతుంది. ఆ ఖాళీని సరిచేసి, పొగ దారిని శుభ్రం చేసి ఇస్తే చాలామంది మళ్లీ ఫిల్టరు ఊసెత్తరు. ఫిల్టరు తేమను కొంత పీల్చుకుంటుందన్నది నిజమే, కానీ అది పీల్పును బరువెక్కిస్తుంది కూడా. గాలి ఆడటం లేదని ఇంకా గట్టిగా లాగేవారికి గిన్నె మరింత కాలుతుంది.

అపోహ: పాతకాలపు పైపు తయారీదారులకు ఈ గొడవ పట్టలేదు.

వాస్తవం: బాగా పట్టింది. డబ్లిన్‌లో పీటర్సన్ 1890లోనే కాడ అడుగున నీరు చేరే చిన్న గుంత ఉన్న పైపుకు పేటెంటు పొందారు. జర్మనీలో నురెంబర్గ్‌కు చెందిన వావెన్ సంస్థ 1934లో డాక్టర్ పెర్ల్ ఫిల్టరు తెచ్చింది. కెనడాలో బ్రిగమ్ సంస్థ మేపుల్ కర్ర గొట్టాన్ని లోపల అమర్చింది. ఇది తెలియక పీటర్సన్ సిస్టమ్ పైపును ఫిల్టరుకు మార్చమని తెచ్చేవారున్నారు. ఆ గుంత చేసే పనిని చెడగొట్టి దాని స్థానంలో ఫిల్టరు పెట్టడం నాకు మనసొప్పదు, ఆ పని తీసుకోను.

అపోహ: కార్బన్ ఫిల్టరును ఎటు తిప్పి పెట్టినా ఒకటే, కడిగి మళ్లీ వాడుకోవచ్చు.

వాస్తవం: ఫిల్టరు రెండు చివరల మూతల్లో ఒకటి పింగాణీ, ఇంకోటి ప్లాస్టిక్ అయితే పింగాణీ వైపు గిన్నె దిక్కుకు ఉండాలి, వేడి తగిలేది అటు కాబట్టి. ఒకసారి తాగాక అందులోని రంధ్రాలు నిండిపోతాయి. కడిగితే పైన జిడ్డు పోతుందేమో గానీ లోపలిది పోదు.

అపోహ: నచ్చకపోతే పైపును మళ్లీ మామూలుగా మార్చుకోవచ్చు.

వాస్తవం: నోటి గొట్టాన్ని మార్చవచ్చు, కర్రను మార్చలేం. తీసిన బ్రయర్ తిరిగి రాదు. 9 ఫిల్టరు తీసేసి ఖాళీగా తాగితే 4 మిల్లీమీటర్ల దారి మధ్యలో, దానికి ఐదింతల వైశాల్యం ఉన్న ఒక గది మిగులుతుంది. ఇందాక చెప్పిన గుడగుడ అక్కడే మొదలవుతుంది. దీనికి విరుగుడుగా, ఫిల్టరు కొలతలోనే ఉండి మధ్యలో 4 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న చిన్న గొట్టాన్ని ఎబొనైట్‌తో తిప్పి, మార్చిన ప్రతి పైపుతో పాటు ఇస్తాను. నోటి గొట్టాన్ని కూడా వీలైనంతవరకు కొత్తగానే చేస్తాను. పాతదాన్ని కోయకుండా, నూనె గుడ్డతో తుడిచి, ఎండ తగిలితే పచ్చబడుతుంది కనుక నల్ల కాగితంలో చుట్టి అదే పెట్టెలో పెట్టి తిరిగి ఇచ్చేస్తాను.