మిగ్ ముసలిదా, దాని రబ్బరు ముసలిదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వాయుసేన మిగ్-21 యుద్ధ విమానాలకి వీడ్కోలు పలికిన దగ్గర్నుంచి ఏ పెళ్ళికి వెళ్ళినా నాకు ఒకటే ప్రశ్న. "బాబాయ్, ఆ డొక్కు విమానాల్ని అన్నేళ్ళు ఎలా లాక్కొచ్చారు?" విమానం బాడీ మరమ్మతులు చూసే ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా నా సర్వీసులో సగం వాటి పొట్ట కిందే గడిచింది. అందుకే ఓపిగ్గా చెబుతుంటాను. భోజనాలకు పిలిచేలోపు ఎప్పుడూ పూర్తవదు. ఇక్కడ పూర్తి చేస్తాను.

అపోహ: అప్‌గ్రేడ్ చేస్తే పాత విమానం కొత్తదైపోతుంది.

బైసన్, అంటే అప్‌గ్రేడ్ చేసిన మిగ్-21, దాని సంగతి చూడండి. 1996లో ఒప్పందం, 125 మిగ్-21 బిస్ విమానాలు. రష్యా వాళ్ళ కోప్యో రాడార్, ఫ్రెంచి నావిగేషన్, పైలట్ తల దించకుండానే వివరాలు చూపించే ఇజ్రాయెల్ హెడ్-అప్ డిస్‌ప్లే, శత్రు రాడార్ మన మీద పడితే హెచ్చరించే, మన డీఆర్‌డీఓ చేసిన 'తరంగ్' వార్నింగ్ రిసీవర్, ఆర్-73, ఆర్-77 క్షిపణులు. పైలట్ ఎదురుగా ఉండే మూడు ముక్కల అద్దం తీసేసి ఫ్రేములు అడ్డురాని ఒకే అద్దం పెట్టారు. నాకు అన్నిటికంటే నచ్చిన మార్పు అదే. 2004లో గ్వాలియర్‌లో 'కోప్ ఇండియా' విన్యాసాలు జరిగినప్పుడు ఎఫ్-15లతో వచ్చిన అమెరికన్లే బైసన్‌ని మెచ్చుకున్నారు.

కానీ ఇంజను అదే ఆర్-25. రెక్క అదే. దిగేటప్పుడు గంటకు 300 కిలోమీటర్లు దాటే వేగమూ అదే. తోక పారాచూట్, గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకులు, తక్కువ ఇంధనం, ఏవీ మారలేదు. పాతింట్లో కొత్త టీవీ, ఇన్వర్టర్ పెట్టించినంత మాత్రాన గోడలో చెమ్మ పోదు కదా. పైగా నాలుగు దేశాల పెట్టెలు ఒకే విమానంలో ఉండేసరికి ఒక స్నాగ్ (లోపం) వస్తే చాలు, పంచాయితీ మొదలు. రాడార్ వాళ్ళు ఎలక్ట్రికల్ వాళ్ళని అంటారు, వాళ్ళు ఇంకొకళ్ళని అంటారు. సాయంత్రానికి తేలేదేమిటంటే, కొత్త పెట్టెలన్నీ బాగానే ఉన్నాయి, వాటి మధ్య ఉన్న పాత వైరు పైతొడుగు పెళుసెక్కి చిట్లింది.

అపోహ: 30 ఏళ్ళ విమానమంటే అందులోవన్నీ 30 ఏళ్ళ ముక్కలే.

ఇది బొత్తిగా తప్పు. సోవియట్ విమానానికి ఆయుష్షు మూడు రకాలుగా లెక్కేస్తారు: ఎగిరిన గంటలు, చేసిన ల్యాండింగులు, గడిచిన ఏళ్ళు. ఏది ముందు నిండితే అక్కడ ఆగాలి. ముక్క ముక్కకీ ఒక లాగ్ కార్డు ఉంటుంది. మేం దాన్ని జాతకం అనేవాళ్ళం. ఓవర్‌హాల్‌కి వెళ్తే రంగు గీకేసి, ఎడ్డీ కరెంట్, ఎక్స్-రే పరీక్షలతో కంటికి కనిపించని పగుళ్ళు వెతుకుతారు. ఇంజను మార్చాలంటే మిగ్-21 వెనక భాగం మొత్తం విడదీసి లాగాల్సిందే. అరకు చూసొచ్చేవాళ్ళలో చాలామందికి తెలియదు గాని, అదే రైలు లైను మీద ఇంకాస్త ముందుకెళ్తే కోరాపుట్ వస్తుంది. పక్కనే సునాబెడలోని హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) ఫ్యాక్టరీలో ఈ ఇంజన్లు తయారయ్యేవి. ఏవియానిక్స్, అంటే విమానంలోని ఎలక్ట్రానిక్స్ పనేమో మన హైదరాబాద్‌లో, బాలానగర్ హెచ్‌ఏఎల్‌లో జరిగేది.

గంటలు, ల్యాండింగులు, ఏళ్ళు, ఈ మూడు లెక్కల్లో మమ్మల్ని ఏడిపించింది ఏళ్ళ లెక్కే. ఒకరోజు తెల్లవారుజామున చక్రం గూడు కింద కాంక్రీటు మీద ఎర్ర చుక్క. హైడ్రాలిక్ నూనె. లీకు ఎక్కడో చేత్తో తడిమి చూడకూడదు. లైన్లో చదరపు సెంటీమీటరుకి 210 కిలోల ఒత్తిడి ఉంటుంది. సన్నటి ధార సూదిలా చర్మంలోకి దిగిపోతుంది. అట్టముక్క పట్టుకుని వెతికాం. దొరికింది, ఒక చిన్న రబ్బరు సీలు. స్టోర్స్‌నుంచి కొత్తది తెప్పించి ప్యాకెట్ చింపాను. వేలితో వంచితే వంగదు. ప్యాకెట్ మీద తేదీ చూస్తే గడువు దాటిపోయింది. ఒక్క గంట కూడా ఎగరని ముక్క, సీలు వేసిన ప్యాకెట్లోనే ముసలిదైపోయింది. ఇంకోటి ఇంకో ఊరి నుంచి రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. అన్ని రోజులూ ఆ విమానం కదల్లేదు, మా వారెంట్ ఆఫీసర్ గారి టెన్షన్ మాత్రం పెరుగుతూ పోయింది.

అందుకే "తక్కువ ఎగిరింది, బాగుంటుంది" అంటే ఒప్పుకోను. వాడకుండా నిలబెట్టిన స్కూటర్ ఏమవుతుందో విమానమూ అంతే.

అపోహ: రష్యన్ విమానమా, సుత్తీ పానా ఉంటే చాలు.

మోటుదనం నిజమే. మిగ్-29 నేల మీద నడిచేటప్పుడు రాళ్ళూ దుమ్మూ ఇంజన్లోకి పోకుండా కింది గాలిదారులు మూసుకుని, పైనున్న రంధ్రాల నుంచి గాలి తీసుకుంటుంది. ఎంత తెలివో! కానీ ఆ తెలివి వెనక ఇంకో లెక్క ఉంది. కొంతకాలం వాడు, ఫ్యాక్టరీకి పంపు, వాళ్ళు విప్పి బిగిస్తారు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఆ ఫ్యాక్టరీలు తలో దేశంలో పడ్డాయి. మిగ్-21 ట్రైనర్లు (శిక్షణ విమానాలు) తయారైన తిబిలిసీ జార్జియాకి వెళ్ళిపోయింది. విమానం ఒకటే, స్పేర్ల కోసం తట్టాల్సిన గుమ్మాలు పది.

అపోహ: పాశ్చాత్య ఆయుధాలు వీటికి పట్టవు. పడతాయి. 2022లో ఉక్రెయిన్ తన మిగ్-29లకు శత్రు రాడార్లను వెతికి కొట్టే అమెరికా హార్మ్ క్షిపణులు తగిలించింది.

అపోహ: ఎగిరే శవపేటిక.

ఈ మాట నాకు గుచ్చుకుంటుంది, అయినా కొట్టిపారేయను. 2012లో అప్పటి రక్షణ మంత్రి ఆంటోనీ పార్లమెంటులో చెప్పిన ప్రకారం, కొన్న 872 మిగ్‌లలో సగానికి పైగా ప్రమాదాల్లో పోయాయి. 171 మంది పైలట్లు చనిపోయారు. సాంకేతిక లోపాలు అందులో ఉన్నాయి, మా వంతు కూడా ఉంది. కానీ ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. కుర్ర పైలట్లు నిదానంగా నడిచే కిరణ్ శిక్షణ విమానం మీద నేర్చుకుని, నేరుగా ధ్వని కంటే వేగంగా పోయే మిగ్‌లోకి ఎక్కేవాళ్ళు. సైకిల్ దిగి లారీ ఎక్కినట్టు. మధ్యలో ఒక అడ్వాన్స్‌డ్ ట్రైనర్ కావాలని 1982లోనే కమిటీ సిఫారసు చేసింది. ఆ ట్రైనర్లుగా హాక్ విమానాలు బీదర్‌కి వచ్చింది 2008లో. ఆ 26 ఏళ్ళ జాప్యం ఏ లాగ్ కార్డులోనూ ఉండదు.

అపోహ: ఎగరలేకే రిటైర్ చేశారు.

వీడ్కోలు రోజున కూడా ఎగిరింది. వాయుసేనాధిపతి ఎ.పి. సింగ్ స్వయంగా నడిపారు. ఆయన ఎక్కేముందు ఎవరో ఒక ఫిట్టర్ ఎఫ్-700లో, అంటే విమానం సర్వీసింగ్ రికార్డులో, సంతకం పెట్టే ఉంటాడు. పెట్టేముందు, చక్రం గూడు కింద ఎర్ర చుక్క ఏమైనా ఉందేమోనని ఒకసారి వంగి చూసే ఉంటాడు.